డెబ్భై మీటర్ల మండలం

గుమ్మడిమెట్ట కొండ మీద ఉంది. ఈ సంగతి ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవలసిన అవసరం రాలేదు. కింద ఏటిపాలెంలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని, ఏడు మలుపుల దారెక్కి ఇంటికి చేరిన ప్రతి ఆడమనిషికీ మోకాళ్ళే ఆ మాట చెప్పేవి.

అలాంటి ఊరు ఒక మంగళవారం పొద్దున కొండ దిగిపోయింది.

రాయి దొర్లలేదు, చెట్టు ఊగలేదు. జీపులో ఒక సర్వేయరు, ఇద్దరు కూలీలు వచ్చారు. పంచాయతీ ఆఫీసు ముందు గొయ్యి తీసి పసుపు రంగు బోర్డు పాతారు. రైలు స్టేషన్లో ఊరి పేరు కింద సముద్ర మట్టం రాసి ఉంటుందే, అచ్చం అలాంటిది. 'గుమ్మడిమెట్ట. సముద్ర మట్టమునకు ఎత్తు 70 మీటర్లు.'

సర్పంచి అసిరమ్మ చీపురు చేత్తో పట్టుకునే వచ్చి చదివింది. ఐదో తరగతి చదువు ఆమెది. అంకెలు మాత్రం ఎవరికీ వదిలిపెట్టదు.

"బాబూ, మాది నూట పద్దెనిమిది గదా. కొండ మీద మీవోళ్ళు పాతిన రాయి మీదే ఉంది. మిగతా నలభై ఎనిమిదీ ఏటయిపోనాయి?"

"ఏటిపాలేనికి ఇచ్చారమ్మా. వాళ్ళది ఇరవై రెండే. ఇప్పుడు వాళ్ళదీ డెబ్భై, మీదీ డెబ్భై."

"ఎవులిచ్చినారు?"

"ప్రభుత్వం."

"మా ఎత్తు మాకు సెప్పకుండా ఎలగిచ్చేత్తారు? మల్లీ ఎప్పుడిస్తారు?"

"ఇది అప్పు కాదమ్మా, తిరిగివ్వడానికి. సర్దుబాటు." సర్వేయరు జీపెక్కాడు. వెళ్తూ వెళ్తూ, "ఇంకనుంచి మీరు కొండ దిగుతున్నాం, ఎక్కుతున్నాం అనకూడదు. వెళ్తున్నాం, వస్తున్నాం అనాలి," అని చెప్పి పోయాడు.

ఊరంతా నవ్వింది. అసిరమ్మ కూడా నవ్వింది. ప్రభుత్వం చేసిన పనికి మొదటి రోజు నవ్వడం ఆ ఊరికి అలవాటే. రెండో రోజు సంగతి రెండో రోజు చూసుకుంటారు.

ఇదంతా రాజధానిలో పుట్టిన ముచ్చట. సమోన్నతి శాఖ అని కొత్తగా ఒక శాఖ పెట్టారు. దానికి డైరెక్టరు విశ్వమోహనరావు. ఆయన ఒకనాడు బడిపిల్లల పుస్తకం తిరగేస్తుంటే నగరాల ఎత్తుల పట్టిక కనిపించింది. ఎంత పెద్ద నగరానికైనా ఎత్తు ఒక్కటే అంకె. గుట్టలున్న నగరానికీ ఒకటే, గుంటలున్న నగరానికీ ఒకటే. ఆయనకి ఒళ్ళు జలదరించింది. లక్షల మంది ఉన్న నగరం ఒక్క ఎత్తుతో సర్దుకుంటుంటే, పదివేల మంది లేని మండలానికి ఊరికో ఎత్తు ఎందుకు? ఇది విచ్చలవిడితనం కాదా? పైగా కంప్యూటర్లో మండలానికి ఒక్క గడే ఉంది. అలా వచ్చింది 'ఒక మండలం - ఒక ఎత్తు'. మండలంలో అన్నిటికన్నా పైన ఉన్న ఊరినీ, కింద ఉన్న ఊరినీ కూడి సగం చేస్తారు. వచ్చిన అంకె అందరిదీ.

రాష్ట్రం ఆ అంకెల్లోకి ఉత్సాహంగా దూకింది. కొండల మీది వేసవి విడిది పట్నం కింది చెరకుతోటలతో కలిసి సగమైంది. అంత తక్కువ ఎత్తులో చలి వేయదు కనుక అక్కడి ఉద్యోగులకి ఉన్ని కోట్లు ఆపేశారు. సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్నం వెనక కొండతో కలిసి రెండు వందల మీటర్లకు లేచింది. ఆ ఎత్తుకి ఉప్పెన రాదని తుపాను షెడ్డులో రేషన్ బియ్యం నింపారు. పెళ్ళిళ్ళ పేరయ్యలు కూడా అందుకున్నారు. "మంచి సంబంధం. ఊరు నూట యాభై మీటర్లు," అనడం మొదలెట్టారు.

గుమ్మడిమెట్టకి రెండో రోజు పదిహేను రోజులకి వచ్చింది.

కరెంటు వాళ్ళు ఏటిపాలెం వెళ్ళి, ఏటి ఒడ్డున నుయ్యి మీదున్న షెడ్డు తెరిచి, గుమ్మడిమెట్ట ట్యాంకుకి నీళ్ళు తోడే మోటారు విప్పి వ్యానులో వేసుకున్నారు. పంపు, గొట్టాలు వదిలేశారు. అసిరమ్మకి కబురు తెలిసేసరికి వ్యాను వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం ఊళ్ళో కుళాయి తిప్పితే గాలొచ్చింది.

అసిరమ్మ ఇంట్లో ఆ గాలి అందరిళ్ళకన్నా గట్టిగా తగిలింది. కూతురు ముత్యాలు తొలి కాన్పుకి వచ్చి ఉంది. ఎనిమిదో నెల. కాన్పు ఆసుపత్రిలోనే, కాని తర్వాత మూడు నెలలు తల్లి దగ్గరే ఉండాలని ఆశ పడి వచ్చిన పిల్ల. బట్టలకీ, స్నానాలకీ, వేన్నీళ్ళకీ ఎన్ని బిందెలు కావాలో పిల్లల్ని కన్నవాళ్ళకి తెలుసు. ఆ బిందెలన్నీ ఏడు మలుపులు ఎక్కాలి.

తొమ్మిదో రోజున సముద్రం ఒడ్డు నుంచి వియ్యపురాలు బంగారమ్మ ఫోను చేసింది.

"నీళ్ళు లేని ఊళ్ళో పురుడేటి వొదినా? మా ఊళ్ళో ఇంటింటికీ బోరుంది. అమావాస్య దాకా సూత్తాను. అప్పటికీ కుళాయి రాకపోతే నా కోడల్ని నాను తీసుకెల్లిపోతాను."

"తొలిసూలుకి అత్తోరింట్లో పురుడు ఎక్కడైనా ఉందా వొదినా?"

"కొండ మీద కుళాయిల్లో గాలి ఎక్కడైనా ఉందా వొదినా?"

ముత్యాలు గోడకి తల ఆనించి తల్లి వైపు చూసింది. అసిరమ్మ ఆ చూపు చూసి, మర్నాడు పొద్దున్నే మండలాఫీసుకి వెళ్ళింది.

తహసీల్దారు పరాంకుశం మెత్తని మనిషి. ఎవరికీ లేదని చెప్పడు. ఉందనీ చెప్పడు.

"సర్పంచిగారూ, విషయము స్పష్టముగా ఉన్నది. నీటిని పైకి తోడుటకే కదా మోటారు? మీరు ఇప్పుడు పైన లేరు. సమాన ఎత్తులో గల రెండు గ్రామముల మధ్య నీటిని పైకి తోడుట ప్రభుత్వ విద్యుత్తును దుర్వినియోగము చేయుటయే అగును."

"మరి నీరు ఎలగొస్తాది బాబూ?"

"మట్టము సమానము గనుక తనంతట తానే వచ్చును."

"పదిరోజులై రాలేదు."

"దానికి కొంత వ్యవధి ఇవ్వవలెను. ఇన్నేళ్ళు మోటారుకు అలవాటు పడిన నీరు కదా."

అసిరమ్మ కిటికీలోంచి చేయి చాచి కొండ చూపించింది. కొండ అక్కడే ఉంది, పైన గుమ్మడిమెట్ట ఇళ్ళ పెంకులతో సహా. "అదేటి బాబూ మరి?"

పరాంకుశం అటు తిరగలేదు. "ఆ విషయము పై అధికారుల పరిశీలనలో ఉన్నది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మా, నేనూ ఆ దారంట స్కూటరు మీద వచ్చినవాణ్ణే. మూడో గేరులో రమ్మంటున్నారు. చదునైన రోడ్డు మీద మొదటి గేరు వేస్తే సంజాయిషీ అడుగుతున్నారు. ఇప్పటికి రెండు క్లచ్చులు పోయాయి. నన్నేం చేయమంటారు?" అన్నాడు.

అది నిజమే. మలుపుల దగ్గర 'లోయ - జాగ్రత్త' అన్న పలకలు పీకేశారు. లోయ లేని మండలంలో జాగ్రత్త దేనికని. బళ్ళో 'నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు' అన్న సామెత చెప్పొద్దన్నారు. పల్లం లేదు గనుక మొదటి సగం చెల్లదు. రెండో సగం మీద శాఖకి అభ్యంతరం లేదట.

అసిరమ్మ ఇంటికొచ్చేసరికి ఊరి మధ్య పడవ ఉంది.

ఇనుప పడవ. డీజిలు ఇంజనుతో సహా. ఏటిపాలెంలో ఏటా వరదలకి జనాన్ని దాటించేది. రెండూళ్ళదీ ఒకే ఎత్తు కాబట్టి వరద ప్రమాదం ఇద్దరికీ సమానమేనట. గుమ్మడిమెట్టలో జనం ఎక్కువ గనుక పడవ ఇక్కడ ఉండాలట. ట్రాక్టరు మీద తెచ్చి రాములవారి కోవెల పక్కన దింపి పోయారు. అందులో అప్పుడే ఒక మేక పడుకుని ఉంది.

చుట్టూ చేరినవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

"ఎక్కండెక్కండి, ఈ ఏడు మనకి వరదంట!"

"తెడ్డు ఏదిరా? తెడ్డు లేకపోతే ఎలగ పోతాది?"

"గాలికి పోతాది. కుళాయిలో వొస్తంది గదా."

అసిరమ్మ నవ్వలేదు. పడవ చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంజను మీద చేత్తో తట్టింది. మేకని దింపింది. చెప్పులు తొడుక్కుని ఏటిపాలెం దారి పట్టింది.

ఏటిపాలెం సర్పంచి గవరయ్య, అసిరమ్మ వరసకి బావామరదళ్ళు. పీర్ల పండక్కి మేళం ముందు ఏ ఊరికి రావాలన్న మాట మీద పదేళ్ళుగా పడదు. ఆమె గడపలోకి రాగానే గవరయ్య తుండు దులిపి భుజాన వేసుకున్నాడు.

"రా మరదలా, రా. మీ ఎత్తులో నలభై ఎనిమిది మీటర్లు మాకొచ్చినాయంట. అడగడానికొచ్చినావేటి? ఎక్కడెట్టినారో ఎతుక్కో, కనబడితే తీస్కెల్లు."

"నాకొద్దు బావా. నీకే ఉంచుకో. వరదొచ్చినప్పుడు దాని మీదెక్కి కూసో."

గవరయ్య మొహం మారింది. "ఆ మాటనకే. నైరుతి పదిరోజుల్లో వొచ్చేత్తాది. పడవ లేకపోతే కింది వీధి నలభై ఇళ్ళోళ్ళనీ ఏటి మీద నడిపించాలా?"

"పడవ నా కాడుంది. నుయ్యి నీ కాడుంది. పడవకి ఇంజనుంది. నుయ్యి మీద పంపుంది. ఇంకా నాను సెప్పాలా?"

గవరయ్య నుయ్యి మీది షెడ్డు కేసి చూశాడు. "ఇంజనుకీ పంపుకీ బెల్టు పట్టా ఎవుడు బిగిస్తాడు?"

"నువ్వే. మీ అయ్య పిండిమర నడిపినోడు."

"ఏరు పొంగిన రోజు ఇంజను నాకు తిరిగొచ్చేయాల. ఆరోజు నీ కుళాయి సంగతి నాకు తెల్దు."

"ఆ రోజుకి ఏదో ఒకటి సూసుకుంటాను."

పడవ దించడానికి ఎవరి అనుమతీ అడగలేదు. దారిలో పరాంకుశం ఎదురై, "ఎక్కడికమ్మా?" అన్నాడు. "ఎక్కడికీ లేదు బాబూ. డెబ్భై మీటర్ల కాణ్ణుంచి డెబ్భై మీటర్ల కాడికి," అంది అసిరమ్మ. ఆయన ఆలోచించి, అందులో తప్పేమీ కనిపించక, స్కూటరు పక్కకి తీశాడు.

మర్నాడు సాయంత్రం గుమ్మడిమెట్ట కుళాయి ముందు గాలి వదిలింది, తర్వాత తుప్పు వదిలింది, తర్వాత నీళ్ళు వదిలింది. ముత్యాలు చెంబు పట్టుకెళ్ళి మొహం కడుక్కుని, తడి మొహంతోనే నవ్వింది.

కొండ మీద నీళ్ళొచ్చాయన్న కబురు మండలాఫీసుకి చేరడానికి రెండు రోజులు పట్టింది. ఎలా వచ్చాయని పరాంకుశం అడగలేదు. అడిగితే తెలుస్తుంది. తెలిస్తే రాయాలి. 'మోటారు తొలగించిన పిమ్మట నీరు తనంతట తాను గ్రామమునకు చేరినది' అని పైకి పంపాడు.

రాజధానిలో ఆ వాక్యం చదివిన డైరెక్టరు విశ్వమోహనరావు కళ్ళు తుడుచుకున్నాడట. రాష్ట్రం మొత్తం మీద ఆయన సిద్ధాంతాన్ని నమ్మిన మొదటి నీరు అది.

అమావాస్యకి మూడు రోజుల ముందు ఆయన కారులో వచ్చాడు. డ్రైవరు శాఖ ఉత్తర్వు ప్రకారం పై గేరులోనే నడిపాడు. ఐదో మలుపు దగ్గర కారు పొగ వదిలి ఆగిపోయింది. మిగతా దారి డైరెక్టరు నడిచాడు. చదునైన రోడ్డు మీద నడిచినవాడికి రావలసినదానికన్నా ఎక్కువ చెమట పట్టింది.

"ఆయాసమా సార్?" అన్నాడు పరాంకుశం, తనూ రొప్పుతూ.

"కాదు, భావోద్వేగం," అన్నాడు విశ్వమోహనరావు.

కింది నుంచి వచ్చే గొట్టం ట్యాంకులోకి ఎక్కేముందు ఉన్న కుళాయి దగ్గర షామియానా వేశారు. అసిరమ్మ తెల్ల చీర కట్టుకుని నిలబడింది. ఆమె ఒక నిశ్చయంతో ఉంది. పడమట మబ్బు కడుతోంది. ఇవాళో రేపో గవరయ్య ఇంజను విప్పేస్తాడు. ఈ పెద్దమనిషి కాళ్ళు పట్టుకునైనా సరే, ఉన్నది ఉన్నట్టు చెప్పి మోటారు అడగాలి. ఇంజను ఆగేటట్టు డీజిలు కొలిచి పోయమని గవరయ్యకి ముందే చెప్పింది. నీళ్ళు రావడం చూశాక ఆగడం కూడా కళ్ళారా చూస్తే ఎంత చదువుకున్నవాడికైనా అర్థమవుతుందని ఆమె నమ్మకం.

డైరెక్టరు కుళాయి తిప్పాడు. నీళ్ళు దూకాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడో కింద డుగ్ డుగ్ డుగ్ మని వినిపిస్తోంది.

"అదేమి ధ్వని?"

"ఇంజను సారూ," అంది అసిరమ్మ, అసలు మాట మొదలెడుతూ.

"పిండిమర, సార్," అన్నాడు పరాంకుశం అంతకన్నా త్వరగా.

అంతలో డుగ్ డుగ్ ఆగిపోయింది. ధార సన్నబడింది, బొట్లయింది, ఆరిపోయింది. అసిరమ్మ ముందుకొచ్చింది. "సూసినారా సారూ? ఆగిపోనాది. ఎందుకంటే..."

"ఎందుకంటే మట్టం సమమైంది!" డైరెక్టరు రెండు చేతులూ పైకెత్తాడు. "సమం కాగానే ప్రవహించడం మానింది. వచ్చినప్పుడు సగమే రుజువు. ఆగినప్పుడు పూర్తి రుజువు. పరాంకుశంగారూ, సమయము నమోదు చేయండి. వచ్చే నెలలో రాష్ట్రంలోని యావత్ కొండ గ్రామముల మోటార్లూ తొలగింపబడును."

అసిరమ్మ నోరు మూసుకుంది. నీళ్ళొస్తే ఈయన నెగ్గాడు, రాకపోతే మరీ నెగ్గాడు. ఈయనతో నీళ్ళు కూడా వాదించలేవు. ఇంక మనిషెంత? కింద గవరయ్య రెండో డబ్బా డీజిలు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆమె తమ్ముడు చెట్టు మీదున్నాడు, తుండు ఊపితే అటు పోస్తారు. ప్రారంభోత్సవం అయ్యాక ఊరికి నీళ్ళు పట్టుకోవాలని చేసిన ఏర్పాటు అది. అసిరమ్మ చెంగుతో మొహం తుడుచుకుని, చెట్టు వైపు తలూపింది.

"సారూ, మీరు సెప్పినట్టే అయినాది. నీరు తనంతట తనే వొచ్చినాది. నాకొక్కటే బయం. ఇప్పుడంటే ఏరు అడుగంటి ఉంది. ఆ మబ్బు సూడండి. రేపు ఏరు రెండు నిలువులు పెరుగుతాది. మట్టం ఒకటే గదా, ఏటితోపాటు మా కుళాయీ పెరుగుతాది గదా. మా ఊరు మునిగిపోదా సారూ?"

డైరెక్టరు నవ్వు సగంలో నిలిచిపోయింది. ఇది ఆయన పరిశీలనలోకి రాని అంశం.

సరిగ్గా అప్పుడే కింద డుగ్ మంది. తెరిచి ఉన్న కుళాయి ఒక్కసారి తుమ్మి, ధార ఎగజిమ్మి డైరెక్టరు బూట్లు నింపింది.

"వర్షం ఇంకా పడలేదే!" అన్నాడాయన వెనక్కి గెంతుతూ. "ఆపండి! దీన్ని ఆపండి!"

"కుళాయి కట్టెయ్యొచ్చు సారూ. ట్యాంకు నిండితే ఏటి సేత్తాం? తనంతట తనే వొచ్చిన నీటికి మనం ఆగమంటే ఆగుతాదా? ఏటికి తిప్పి తోసే మోటారొకటి ఉంటే బతుకుతాం."

"ఒక గ్రామము కొండ మీద మునిగినచో..." పరాంకుశం గొంతు వణికింది. అది భయమో మరొకటో అసిరమ్మకి అర్థం కాలేదు. ఆయన మాత్రం మొదటిసారి ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. "అది సార్ పేరు మీదే నమోదగును."

విశ్వమోహనరావు తడి బూట్లతోనే ఉత్తర్వు చెప్పాడు. పరాంకుశం నిలబడే రాశాడు. గుమ్మడిమెట్టకు స్వయముగా వచ్చు నీటిని అదుపు చేయు నిమిత్తము పది గుర్రాల మోటారు ఒకటి, ప్రవాహ నియంత్రణ యంత్రము అను పేరున, తక్షణము మంజూరు. తక్కిన కొండ గ్రామములకును మోటార్ల తొలగింపు రద్దు. ఉన్నవాటికి పేరు మార్చవలెను.

"యంత్రం ఎక్కడ అమర్చాలి?" అన్నాడు డైరెక్టరు.

"ఏటి ఒడ్డునే సారూ, ఆ నుయ్యి మీద. నీటిని అది బయల్దేరిన కాడే పట్టుకోవాల."

"సహేతుకం."

"ఎటూ ఎత్తు ఒకటే, సార్," అన్నాడు పరాంకుశం.

మర్నాడే కరెంటు వాళ్ళు వచ్చారు. తెచ్చింది పాత మోటారే. కొత్త పేరు తెల్ల పెయింటుతో రాసి ఉంది. పాత బోల్టులకి పాత నట్లే పట్టాయి. ఇంజను విప్పి గవరయ్య పడవకి బిగించుకున్న మూడో రోజుకి నైరుతి దిగింది. కింది వీధి నలభై ఇళ్ళవాళ్ళూ పడవెక్కి దాటారు. దాటుతూ తమ ఊళ్ళో పాతిన పసుపు బోర్డుని చూశారు. డెబ్భై మీటర్ల ఎత్తున ఉన్నామని చెబుతూ అది మెడలోతు నీళ్ళలో నిలబడి ఉంది.

మోటారు లేకుండా కొండ మీదికి నీటిని ఎక్కించిన మొదటి రాష్ట్రమని విశ్వమోహనరావుకి ఢిల్లీలో శాలువా కప్పారు. రాష్ట్రంలో మోటార్లన్నీ మునుపటిలాగే తిరుగుతున్నాయి. కాకపోతే అవి ఇప్పుడు నీళ్ళు తోడడం లేదు, అదుపు చేస్తున్నాయి.

ముత్యాలుకి ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజు స్నానానికి బంగారమ్మ సముద్రపు ఒడ్డు నుంచి సున్నిపిండి, సాంబ్రాణి పట్టుకుని వచ్చింది. దొడ్లో కాగు నిండా నీళ్ళు కాగుతున్నాయి. రెండు గోళాలు నిండి ఉన్నాయి. మూడోది నిండి పొర్లుతోంది. కాళ్ళు చాపుకు కూర్చుని పసిదాన్ని కాళ్ళ మీద వేసుకుని, బంగారమ్మ ఆ పొర్లే నీళ్ళకేసి అనుమానంగా చూసింది.

"మీకు నీళ్ళు లేవంటిరి గదా వొదినా. ఇన్నెలగొచ్చినాయి?"

అసిరమ్మ చెంబుతో వేన్నీళ్ళు అందించింది.

"ఏటి సెప్పమంటావు వొదినా. ఆపడానికని మోటారు కూడా ఎట్టినారు. అయినా ఆగట్లేదు."